చెరువుల దారిలో శ్రీలంక

శ్రీలంక వెళ్ళొచ్చామంటే చుట్టాలు మొదట అడిగేది అశోకవనం చూశారా అని. మేము ఆ కొండల వైపు వెళ్ళనే లేదు. మేము వెళ్ళింది చెరువులు చూడటానికి.

మా బాపు నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. పాకాల, లక్నవరం కట్టల మీదే ఆయన ఉద్యోగం చాలావరకు గడిచింది. పాకాల కాకతీయ గణపతిదేవుని కాలం నాటిది, అంటే 13వ శతాబ్దం. అంతకు వెయ్యేళ్ళ ముందు కట్టిన చెరువులు శ్రీలంకలో ఇప్పటికీ పొలాలకు నీళ్ళిస్తున్నాయని తెలిసినప్పటి నుంచి ఆయనకు అదే ధ్యాస. అమ్మ మోకాళ్ళ నొప్పులతో రాలేనంది. ఫిబ్రవరిలో ఇద్దరమే బయల్దేరాం.

ఫిబ్రవరి అని కావాలనే అనుకున్నాం. అక్కడి ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో వాన చాలావరకు అక్టోబరు నుంచి జనవరి లోపు ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది, తర్వాత నెలల తరబడి ఎండే. ఫిబ్రవరికి చెరువులు నిండి ఉంటాయి, వాళ్ళ పెద్ద పంట కోతకు వస్తుంది. ఊరికే స్తూపాలు చూసి రావాలంటే ఎప్పుడైనా వెళ్ళొచ్చు. చెరువు చూడాలంటే నీళ్ళున్నప్పుడే వెళ్ళాలి.

శనివారం, నెగొంబో

చెన్నై నుంచి విమానం గంటన్నర ప్రయాణం. కటునాయక విమానాశ్రయం నుంచి నెగొంబో దగ్గరే కాబట్టి రాత్రికి అక్కడే ఉన్నాం. సాయంత్రం డచ్చివాళ్ళ కోటలో మిగిలిన గుమ్మం, ఊరి మధ్య నుంచి పోయే పాత కాలువ, ఒడ్డున ఎండబెట్టిన చేపలు చూశాం. మర్నాడు తెల్లవారుజామునే లేవాలని తొందరగా పడుకున్నాం.

ఆదివారం, అనురాధపురం దారి

కురునెగల దాటేదాకా కొబ్బరి తోటలే. ఆ తర్వాత చెట్ల తీరు మారింది, ఉక్కపోత తగ్గింది, రోడ్డు పక్కన కట్టలు కనబడటం మొదలైంది. ఒక కట్ట, దాని వెనక తామరలు నిండిన నీళ్ళు, కట్ట కింద పండిన వరి. ఆ వరి దాటితే మళ్ళీ ఇంకో కట్ట. కొంతసేపు చూసి బాపు కారు ఆపించాడు.

"గొలుసుకట్టే బిడ్డా. పైదాని మత్తడి దుంకిన నీళ్ళు కిందిదాంట్ల పడుతున్నయి చూడు."

డ్రైవరు సింహళీయుడు, వాళ్ళ నాన్నకు అనురాధపురం దగ్గరే పొలం ఉందట. బాపు అడిగే ప్రశ్నలు విని అతనికి ఉత్సాహం వచ్చింది. కట్టకు ఎదురుగా, నీళ్ళు వచ్చే వైపున్న చెట్ల గుంపు చూపించి దాన్ని గస్‌గొమ్మన అంటారని చెప్పాడు. గాలి జోరు తగ్గించి నీళ్ళు ఆవిరి కాకుండా కాపాడేది అది. దానికి ఎగువన గడ్డి నేల వదిలేస్తారు, వాన నీళ్ళతో కొట్టుకొచ్చే మట్టి ఆ గడ్డిలోనే ఆగిపోతుంది. కట్ట దిగువన, పొలం మొదలయ్యే లోపు, కట్టకడువ అనే చెమ్మ నేల ఉంటుంది. కట్టలోంచి ఊరే నీళ్ళలో ఉండే ఉప్పును అక్కడి చెట్లు పట్టి ఉంచుతాయి, పొలం చౌడు బారదు. ఈ పద్ధతి మొత్తాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2017లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

బాపు ఆ కట్టకడువలోకి దిగి చాలాసేపు తిరిగాడు. మన దగ్గర కట్ట కింద అడుగు జాగా కనబడితే దున్నేస్తాం, చెరువు నీళ్ళు నిలిచే శిఖం భూమిలో ప్లాట్లు చేస్తాం. చెరువంటే నీళ్ళు నిలిచే గుంట ఒక్కటే కాదని, దాని పైనా కిందా ఉన్న నేల కూడా చెరువేనని ఇక్కడి పల్లెలు ఇన్ని తరాలుగా మరిచిపోలేదు. నాకు అది చూసి ఆనందమూ కలిగింది, మన ఊళ్ళు తలుచుకుని బాధా కలిగింది.

సాయంత్రానికి అనురాధపురం చేరాం. తిస్స వెవ కట్ట మీద నడిచాం. వెవ అంటే వాళ్ళకు చెరువు. దేవానాంపియ తిస్స రాజు పేరు మీద ఉన్న ఆ చెరువు క్రీస్తుపూర్వం నాటిది. పిల్లలు ఈత కొడుతున్నారు, ఒకాయన లుంగీ పైకి కట్టి సైకిలు కడుగుతున్నాడు.

సోమవారం, అనురాధపురం

అనురాధపురం వెయ్యేళ్ళకు పైగా రాజధాని. ఒక్క రోజులో పూర్తి చేయాలని చూసేవాళ్ళు స్తూపం వెనక స్తూపం పరుగెత్తుతారు, చివరికి అన్నీ ఒకేలా అనిపిస్తాయి. మేము మూడే పెట్టుకున్నాం.

మొదట శ్రీ మహాబోధి. అశోకుని కూతురు సంఘమిత్ర క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో బోధగయ నుంచి తెచ్చిన కొమ్మను దేవానాంపియ తిస్స ఇక్కడ నాటించాడు. మనుషులు నాటిన చెట్లలో, నాటిన కాలం రాతలో ఉన్నవాటిలో, ప్రపంచంలోకెల్లా పాతది ఇదే. బంగారు కంచె లోపల, సన్నని కొమ్మలకు ఊతకర్రలు పెట్టి కాపాడుతున్నారు. తెల్లబట్టలు కట్టుకున్న కుటుంబాలు తామరపూల పళ్ళాలతో వస్తూనే ఉన్నాయి.

ఆ చెట్టు కింద నిలబడి నేను బాపుకు బోధిసిరి గురించి చెప్పాను. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో ఒక ఉపాసిక, అంటే ఇంట్లో ఉంటూనే బౌద్ధం పాటించే స్త్రీ, వేయించిన ప్రాకృత శాసనం ఉంది. ఆమె పేరు బోధిసిరి. తామ్రపర్ణి, అంటే సింహళం నుంచి వచ్చిన భిక్షువులకు సంబంధించిన చైత్యగృహం (బౌద్ధ పూజామందిరం) గురించి అందులో ఉంది. తన దానాల పట్టికలో ఆమె సింహళ విహారంలో బోధివృక్షానికి ఒక మందిరం కట్టించానని రాయించింది. పూర్వశైలం దగ్గర ఒక చెరువు తవ్వించానని కూడా రాయించింది. కృష్ణ ఒడ్డున సింహళ భిక్షువులు ఉండేవారు, వాళ్ళ చెట్టుకు మన ఇల్లాలు గుడి కట్టింది. ఆ లోయలో చాలా భాగం ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ళ కింద ఉంది. బాపు విని, "చెరువు కూడా తవ్విచ్చిందా!" అని రెండుసార్లు అన్నాడు.

తర్వాత రువన్‌వెలిసాయ. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో దుట్టగామణి రాజు మొదలుపెట్టిన తెల్లని మహాస్తూపం. చుట్టూ గోడకు ఏనుగులు వరసగా నిలబడి మోస్తున్నట్టు చెక్కారు. స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికలు ఉంటాయి. అమరావతి, నాగార్జునకొండ స్తూపాలకున్న ఆయక వేదికలు తెలిసినవాళ్ళకు ఇవి చూడగానే చుట్టరికం తెలుస్తుంది. అక్కడ చెప్పులు విప్పి నడవాలి, మధ్యాహ్నం రాళ్ళు కాలిపోతాయి. సాక్సులు తీసుకెళ్ళడం మంచిది.

మూడోది జేతవనం. 3వ శతాబ్దం చివర్లో మహాసేనుడనే రాజు మొదలుపెట్టింది. కట్టినప్పుడు సుమారు 122 మీటర్ల ఎత్తు. ఆ కాలానికి ఈజిప్టులోని గిజా పెద్ద పిరమిడ్లు రెండే దీనికంటే ఎత్తైనవి. ఇప్పుడు 71 మీటర్ల ఇటుక గుట్ట మిగిలింది. లెక్క వేసినవాళ్ళు 9 కోట్లకు పైగా ఇటుకలు పట్టి ఉంటాయంటారు. నేను పైకి చూస్తున్నాను, బాపు చుట్టుపక్కల నేల చూస్తున్నాడు. ఇన్ని ఇటుకలు చేసేవాళ్ళు, కాల్చేవాళ్ళు, మోసేవాళ్ళు ఏళ్ళ తరబడి పని చేయాలంటే వాళ్ళకు తిండి కావాలి. ఏడాదిలో ఎక్కువ నెలలు వాన లేని నేల మీద అంత వరి ఎలా పండింది? స్తూపం ముందు చాలామంది అడగని ప్రశ్న ఇది. ఊరి చుట్టూ ఉన్న అభయ వెవ, తిస్స వెవ, నువర వెవ చూస్తే సమాధానం దొరుకుతుంది.

మంగళవారం, కలా వెవ

నా వరకు ఈ ప్రయాణంలో అన్నిటికంటే ఎక్కువ నచ్చిన చోటు ఇదే, టికెట్టు కూడా లేదు.

5వ శతాబ్దంలో ధాతుసేనుడనే రాజు కట్టించిన చెరువు కలా వెవ. కట్ట మీద కారు పోతుంది, కిలోమీటర్ల కొద్దీ. ఒక వైపు రాళ్ళు పరిచిన వాలు, దాన్ని తాకే అలలు. ఇంకో వైపు పాత కుంబుక్ చెట్లు, వాటి కింద కోతకు వచ్చిన పొలం. ఇక్కడి నుంచి నీళ్ళు యోధ ఎల అనే కాలువ ద్వారా సుమారు 87 కిలోమీటర్లు పారి, మేము ఆదివారం సాయంత్రం నడిచిన తిస్స వెవలో కలుస్తాయి. జయగంగ అని కూడా అంటారు. మొదటి భాగంలో దాని వాలు కిలోమీటరుకు కొద్ది సెంటీమీటర్లే. పరికరాలు లేని రోజుల్లో అంత సన్నని వాలు పట్టడం ఎంత కష్టమో బాపుకు తెలుసు. ఆయన ఉద్యోగంలో లెవెలింగ్ యంత్రం పెట్టి కూడా కాలువ ఎదురెక్కిన సందర్భాలు చూశాడు.

కాలువకు ఒక వైపే గట్టు ఉంది. మిట్ట వైపు గట్టు కట్టకుండా వదిలేశారు. ఆ వైపు పడిన వాన కూడా జారి కాలువలోకే వస్తుంది, వరద వస్తే నీళ్ళు అటు పరుచుకుంటాయి. అంటే కాలువే సన్నని పొడుగాటి చెరువులా పని చేస్తుంది. బాపు గట్టు మీద చతికిలబడి కూర్చుని, "రెండో గట్టు కట్టకపోవుడే తెలివి" అన్నాడు.

ధాతుసేనుని కథ డ్రైవరు చెప్పాడు, తర్వాత సింహళ రాజుల వంశచరిత్ర మహావంశానికి కొనసాగింపైన చూళవంశంలోనూ అదే ఉందని చూశాను. కొడుకు కశ్యపుడు తండ్రిని బంధించి నిధులు ఎక్కడున్నాయో చెప్పమన్నాడు. కలా వెవ దగ్గరికి తీసుకెళ్తే చూపిస్తానన్నాడు తండ్రి. అక్కడ నీళ్ళలో మునిగి, దోసిట్లో నీళ్ళు ఎత్తి, నా ఆస్తి మొత్తం ఇదే అన్నాడు. కశ్యపుడు ఆయన్ని గోడలో పెట్టి కట్టించి చంపించాడు.

దగ్గరలోనే అవుకన బుద్ధుడు. ఒకే కొండరాతిలో చెక్కిన 12 మీటర్ల నిలువు విగ్రహం. ధాతుసేనుని కాలంలోదే అని అక్కడివారి నమ్మకం. చీవరం (భిక్షువు కట్టే వస్త్రం) మడతలు ఒక్కొక్కటి గీత గీసినట్టు ఉన్నాయి.

రాత్రి సిగిరియ పల్లెలో బస. ఇడియాప్పం, కొబ్బరి సంబల్, పప్పు, ఆ తర్వాత మట్టి ముంతలో గేదె పెరుగు మీద జీలుగు బెల్లం పాకం. బాపు ఆ పెరుగు రెండు ముంతలు తిన్నాడు.

బుధవారం, సిగిరియ

తండ్రిని చంపిన కశ్యపుడు, తమ్ముడు మొగ్గల్లానుడు ఎప్పటికైనా సైన్యంతో వస్తాడనే భయంతో, అనురాధపురం వదిలి ఈ ఏకశిల మీద కోట కట్టుకున్నాడు. 477 నుంచి 495 దాకా పాలించాడు. చుట్టూ ఉన్న మైదానం నుంచి కొండ ఇంచుమించు 180 మీటర్లు నిట్టనిలువుగా లేస్తుంది. సార్క్ దేశాల వాళ్ళకు టికెట్టు మిగతా విదేశీయుల కంటే తక్కువ, పాస్‌పోర్టు చూపించాలి.

గేటు తెరవగానే వెళ్ళాం. మెట్లు పన్నెండొందల దాకా ఉంటాయి కాబట్టి బాపు కింద నీటి తోటల్లోనే ఉంటానన్నాడు, నేను ఎక్కాను. సగం దారిలో రాతి గూట్లో ఆ చిత్రాలు. మబ్బుల్లోంచి నడుము దాకా కనబడే స్త్రీలు, చేతుల్లో పూలు, పదిహేను వందల ఏళ్ళ తర్వాత కూడా పసుపు, ఎరుపు వాడిపోలేదు. ఫోటోలు తీయనివ్వరు, మంచిదే, అందరూ ఫోను జేబులో పెట్టుకుని చూస్తారు. దాని కింద అద్దం గోడ. ఒకప్పుడు సున్నంతో నునుపు చేసి మెరిపించిన ఆ గోడ మీద, కోట పాడుపడ్డాక చూడటానికి వచ్చినవాళ్ళు ఆ స్త్రీల మీద పద్యాలు గీశారు. పురావస్తు పండితుడు సేనరత్ పరణవితాన 685 పద్యాలు చదివి 1956లో ప్రచురించారు. పైన సింహం పంజాల మధ్య నుంచి మెట్లు. ఆ పైన కోట పునాదులు, బండను తొలిచిన కోనేరు.

నేను దిగి వచ్చేసరికి బాపు ఫౌంటెన్ల దగ్గర ఉన్నాడు. రంధ్రాలు పొడిచిన గుండ్రని రాతి పలకలు, వాటి కింద నేలలో కాలువలు. ఎత్తు మీది నీళ్ళ ఒత్తిడితోనే చిమ్ముతాయి, వానలు బాగా పడిన రోజుల్లో ఇప్పటికీ పని చేస్తాయి. ఆ రోజు నీళ్ళు రాలేదు. కశ్యపునికి కోట మీద ఎంత శ్రద్ధ ఉన్నా ఆ నీటి పని తండ్రి కాలం వాళ్ళ విద్యే అయి ఉంటుందని నా నమ్మకం. తమ్ముడు వచ్చినప్పుడు కశ్యపుడు కోటలో దాక్కోలేదు, కిందికి దిగి యుద్ధం చేశాడు. బురద చూసి అతని ఏనుగు పక్కకు తిరగ్గానే సైన్యం వెనుదిరిగిందనుకుని చెదిరిపోయింది, అతను కత్తితో తన గొంతు తానే కోసుకున్నాడు.

మధ్యాహ్నం దంబుల్ల గుహలు చూశాం. విగ్రహాలు, పైకప్పు నిండా చిత్రాలు ఉన్నా బాపుకు గుర్తుండిపోయింది రెండో గుహలో పైనుంచి చుక్కచుక్కగా పడే నీళ్ళు. కింద ఒక పాత్ర పెట్టి పట్టి, పూజకు వాడతారు.

గురువారం, పొలన్నరువ

దారిలో మిన్నేరియ చెరువు. కట్టించినవాడు మహాసేనుడు, జేతవనం కట్టించిన ఆ మహాసేనుడే. అనురాధపురంలోని పాత బౌద్ధ మఠం మహావిహారం భిక్షువులతో గొడవ పడి, వాళ్ళ కట్టడాలు కూలగొట్టించాడని వంశచరిత్రలు ఆయన్ని నిందించాయి. ఇక్కడి రైతులకు మాత్రం ఆయన మిన్నేరియ దేవుడు, కట్ట దగ్గర గుడి ఉంది. జేతవనం కట్టినందుకు ఎవరూ ఆయన్ని దేవుణ్ణి చేయలేదు. మన పల్లెల్లో చెరువు కట్ట మీద కట్టమైసమ్మ ఉంటుంది కాబట్టి బాపుకు ఇది కొత్తగా అనిపించలేదు. చెప్పులు విప్పి దండం పెట్టుకున్నాడు.

చోళులు 993 ప్రాంతంలో అనురాధపురాన్ని గెలిచి రాజధానిని పొలన్నరువకు మార్చారు. 1070లో సింహళ రాజు విజయబాహు వాళ్ళను వెళ్ళగొట్టాడు. చోళులు కట్టిన రాతి శివాలయం ఇప్పటికీ చెక్కు చెదరకుండా నిలబడి ఉంది. లోపల లింగం ముందు ఎవరో ఆ ఉదయమే పెట్టిన మందారపూలున్నాయి.

12వ శతాబ్దంలో పరాక్రమబాహు రాజయ్యాడు. వానగా పడిన ఒక్క చుక్క కూడా మనిషికి ఉపయోగపడకుండా సముద్రంలో కలవకూడదన్నాడని చూళవంశం చెబుతుంది. 163 పెద్ద చెరువులు, 2,376 చిన్న చెరువులు కట్టించాడనీ, బాగు చేయించాడనీ కూడా అదే రాసింది. పరాక్రమ సముద్రం కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు కనబడటం కష్టం. గల్ విహారంలో ఒకే రాతి వరసలో చెక్కిన బుద్ధులు, పడుకున్నది 14 మీటర్లు. తల కింద దిండు తల బరువుకు కొద్దిగా అణిగినట్టు చెక్కారు. అది గమనించాక కాళ్ళు కదల్లేదు.

శుక్రవారం, మదురు ఓయ

టూరు ప్యాకేజీల్లో ఇది ఉండదు. డ్రైవరు కూడా ఎవరినీ తీసుకెళ్ళలేదట. పొలన్నరువ నుంచి దక్షిణానికి, అరళగన్‌విల మీదుగా వెళ్ళాలి.

1980ల మొదట్లో మహావెలి నది నీటి పథకం కింద కెనడా సాయంతో మదురు ఓయ అనే నది మీద ఆనకట్ట కట్టారు. సర్వేలన్నీ చేసి ఇంజనీర్లు ఎంచుకున్న చోటనే అడవిలో ఒక పాత మట్టికట్ట, దానిలో తూము బయటపడ్డాయి. ప్రాచీనులు కూడా అదే చోటు ఎంచుకున్నారన్నమాట. తూమును అలాగే ఉంచి కాపాడారు.

బాపు ఇంత దూరం వచ్చింది దీని కోసమే. బిసోకొటువ అంటారు. కట్ట లోపలి వాలులో, పై నుంచి కింద దాకా చదరపు బావి కడతారు. చెరువు అడుగు నుంచి నీళ్ళు ఒక సొరంగం ద్వారా ముందు ఆ బావిలోకి వస్తాయి. అక్కడ వేగం, ఒత్తిడి తగ్గించుకుని, రెండో సొరంగం ద్వారా కట్ట కింద నుంచి కాలువలోకి వెళ్తాయి. నీళ్ళను ఆపే తలుపు బావిలోనే. ఈ బావి లేకపోతే లోతైన చెరువు ఒత్తిడికి తూము గోడలు, వాటితో కట్ట, తెగిపోతాయి. చెరువు ఎంత లోతుగా కట్టగలం అన్నది ఈ ఒక్క బావి మీద ఆధారపడింది. హెన్రీ పార్కర్ అనే బ్రిటిష్ నీటిపారుదల ఇంజనీరు పాత చెరువులు తిరిగి చూసి, క్రీస్తుకు ముందే సింహళీయులు దీన్ని కనిపెట్టారని 1909లో రాశాడు.

ఇటుక గోడ మీద బాపు అరచేయి పెట్టి చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత నాకు చూపిస్తూ ఒక్కో ముక్కా వివరించాడు, నీళ్ళు ఎక్కడ తిరుగుతాయో, ఎక్కడ నెమ్మదిస్తాయో. నేను ఆయన పని మీద ఇంత మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. నలభై ఏళ్ళు తూములు ఎత్తించిన, దించించిన మనిషి. ఇది కట్టినవాళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ లేవని చెబితే, "మన దగ్గర మాత్రం ఉన్నయా?" అన్నాడు.

అక్కడి నుంచి మహియంగన మీదుగా క్యాండీ. కొండ ఎక్కే దారిలో పద్దెనిమిది మలుపులు, వెనక్కి చూస్తే కింద మైదానమంతా చెరువులు.

శనివారం, క్యాండీ

బుద్ధుని దంతం ఉంచిన దంత ధాతువు ఆలయం జనంతో కిటకిటలాడుతుంది, పూజ వేళ తెలుసుకుని వెళ్ళాలి. తెలుగువాళ్ళు ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటుంది. 1739 నుంచి 1815 దాకా క్యాండీని పాలించిన నలుగురు రాజులు మధుర నాయకుల వంశంతో చుట్టరికం ఉన్నవాళ్ళు, మూలం తెలుగు కుటుంబాలు. వాళ్ళలో కీర్తిశ్రీ రాజసింహుడు 1753లో సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి ఉపాలి అనే పెద్ద భిక్షువును రప్పించి, ఆగిపోయిన భిక్షు దీక్షను మళ్ళీ మొదలుపెట్టించాడు. ఈనాటి సియాం నికాయం అనే భిక్షు శాఖ అలా పుట్టింది. చివరివాడు శ్రీవిక్రమ రాజసింహుడు 1815లో ఇంగ్లీషువాళ్ళకు చిక్కి, వేలూరు కోటలో బందీగా ఉండి 1832లో చనిపోయాడు.

ఆలయం ముందున్న అందమైన సరస్సు ఆయన తవ్వించిందే, 1807లో. వరి పొలాలున్న చోట జనంతో వెట్టి చేయించి తవ్వించాడు, సామంతులకు అది నచ్చలేదు. బాపు చుట్టూ నడిచి వచ్చి, దీనికి ఆయకట్టు లేదన్నాడు. ఊరికి అందం కోసం పొలం ముంచిన రాజుకూ, దోసెడు నీళ్ళే ఆస్తి అన్న రాజుకూ మధ్య పదమూడు శతాబ్దాలు. నాకు క్యాండీ నచ్చింది, కానీ మనసు ఉత్తరానే ఉండిపోయింది.

ఆదివారం, తిరుగు ప్రయాణం

క్యాండీ నుంచి విమానాశ్రయానికి కారులో మూడు నాలుగు గంటలు. ఈ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇది: అనురాధపురానికి రెండు పూటలు కాదు, రెండు పూర్తి రోజులివ్వండి. కలా వెవ మీద సాయంత్రం ఎండ తగ్గాక నడవండి. మదురు ఓయ తూముకు వెళ్ళేముందు దారి బాగుందో లేదో అక్కడి వాళ్ళను అడగండి, నీళ్ళు, తిండి వెంట ఉంచుకోండి. మీ ఇంట్లో వ్యవసాయమో, నీటి పనో తెలిసిన పెద్దవాళ్ళుంటే వాళ్ళను తప్పకుండా తీసుకెళ్ళండి.